మఠం పొలంలో పడ్డ దారి

మా క్లొనారా వైపు దారి అడిగితే ఎవరూ మైళ్ళు చెప్పరు, మనుషుల్ని చెబుతారు. కోట దాటి, అయిదు కమానుల వంతెన దాటి, ఒకప్పటి పేదల సత్రం గోడ దగ్గర ఎడమకి తిరిగితే టబర్‌బాన్ వస్తుంది. అక్కడ కళ్ళకి మంచిదని పేరున్న తెల్లబావి ఉంది. ఆ బావి దగ్గర ఆగకూడదు. ఆగితే పక్కింటావిడ పట్టుకుని తన కంటి జబ్బు కథంతా చెప్పిగాని వదలదు. ఇంకా ముందుకి పోతే ఎడంపక్క ఒక ఆకుపచ్చ గేటు. "అదే డెలియా హన్రహాన్ ఇల్లు. తలుపు కొట్టి అడుగు. మఠం ఆవిడ పొలంలోనే ఉంది." కిల్వర్నా మఠానికి మొన్నమొన్నటిదాకా అదీ దారి. ఇప్పుడక్కడ బాణం గుర్తుతో బోర్డు పాతారు. బోర్డు మీద డెలియా పేరు లేదు.

కప్పు కూలిన ఆ మఠం చూడటానికి ఎక్కడెక్కడి జనమో వచ్చేవారు. కెమెరాలు మెళ్ళో వేసుకున్న జర్మన్లు, ముత్తాత పేరు వెతుక్కునే ఆస్ట్రేలియా వాళ్ళు, వాననుంచి తప్పించుకుందామని వచ్చిన జంటలు. అందరూ డెలియా తలుపు కొట్టేవారు. చేతులకి అంటిన పిండి ఏప్రన్‌కి తుడుచుకుంటూ ఆవిడ బయటికి వచ్చేది.

"వెళ్ళండి, దానికేం. గేటు మాత్రం మూసి రండి. ఎద్దు మంచిదే, కానీ ఆ సంగతి దానికింకా ఎవరూ చెప్పలేదు."

జీవితంలో ఒక్కరిని కూడా కాదనలేదు. కాదనాలని అనిపించలేదు కూడా. కానీ అడగాలి. అడగటం అనే ఆ ఒక్క ముక్కలోనే ఆ పొలం తనదన్న సంగతంతా ఉంది. అందమైన మొహం లేదు, మొగుడు లేడు, చదువు పెద్దగా లేదు. తలుపు కొట్టి, టోపీ తీసి, "పోవచ్చా అమ్మా?" అని అడిగే లోకం మాత్రం ఉంది. అది చాలనుకుని బతికింది.

మఠం గోడల మధ్యే ఆ చుట్టుపక్కల ఊళ్ళ శ్మశానం. శవాలు పోవడానికి పొలం దారి కాదు, వేరే దారి ఉంది. ఏటి వెంబడి గుట్ట చుట్టూ తిరిగి పోయే కింది దారి. వానలు ముదిరితే అది మునుగుతుంది. మునిగితే నీళ్ళు తీసేదాకా శవం టబర్‌బాన్ చర్చిలో ఆగుతుంది. పక్కనే చక్కటి పొలం పెట్టుకుని ఈ అవస్థ ఎందుకని కొత్తవాళ్ళు అడుగుతారు. మా వైపు పుట్టినవాళ్ళు అడగరు. బతికున్నవాళ్ళు వెయ్యేళ్ళు నడిచినా పొలం పొలమే. ఒక్క శవం దాటిందా, అది దారి. ఇక దాన్ని మూసే హక్కు ఎవరికీ ఉండదు. ఏ పుస్తకంలో ఉందో ఎవరూ చూడలేదు కానీ, మా ఊళ్ళలో సగం కాలిబాటలు ఈ మాట మీదే నిలబడి ఉన్నాయి. ఫలానా ముసలమ్మని ఇటే మోసుకుపోయారు అంటే చాలు, ఎంత పొగరుబోతు రైతయినా కంచె పీకాల్సిందే.

డెలియా తండ్రి బార్ట్లీ ఈ మాటని జపమాల కన్నా గట్టిగా పట్టుకున్నవాడు. డెలియాకి పందొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోయింది. సరిగ్గా అప్పుడే ఏరు పొంగింది. ఇరుగుపొరుగు మగవాళ్ళంతా కలిసి బార్ట్లీ దగ్గరికి వచ్చారు.

"పొలం నీది. పెళ్ళాం నీది. గేటు నీది. తెరువు బార్ట్లీ, ఎవరేమంటారు?"

"నాది కాబట్టే తెరవను," అన్నాడు ఆయన.

నీళ్ళు తీసేదాకా తల్లి చర్చిలోనే పడి ఉంది. ఆ చలిలో డెలియా శవపేటిక పక్కన కూర్చుని, ఇంటి కిటికీలోంచి కనపడే మఠానికి అమ్మని తీసుకుపోనివ్వని నాన్నని లోలోపల తిట్టుకుంది. పైకి ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఆయన ముసలివాడై మంచం పడితే గంజి తాగించింది, గడ్డం గీసింది, కళ్ళు మూసింది. క్షమించలేదు. ఆ సంగతి జీవితంలో ఒకే ఒక్కడికి చెప్పింది, గడ్డి కోస్తుండగా వాన పడితే కొట్టంలో నిలబడి. ఆ ఒక్కడు పక్కింటి మలాకీ టుయీ.

మలాకీ భార్య నోనీ, డెలియా చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిని ఒకే మంచంలో పడుకున్నవాళ్ళు. ఇద్దరికీ కలిపి ఒకే సైకిలు. ఒకర్ని ఒకరు ఎక్కించుకుని క్లొనారాలో డాన్సులకి పోయేవారు. పోయేటప్పుడు డెలియా తొక్కేది, వచ్చేటప్పుడూ డెలియాయే తొక్కేది. "వాడి మొహం చూసి చేసుకున్నాననుకుంటున్నావా? వాడి పొలం నీ పొలం పక్కన ఉందని చేసుకున్నా," అని నోనీ పెళ్ళినాడే మొగుడి ఎదురుగా అంది. మలాకీ నవ్వాడు. మంచివాడు. బార్ట్లీ పోయాక డెలియా గడ్డి కోసింది వాడే, అడ్డం తిరిగిన దూడని చెయ్యి పెట్టి లాగింది వాడే. ఒక్కనాడు కూడా చేసినట్టు చెప్పుకోలేదు.

అలాంటివాడికి ఊపిరితిత్తులు చెడ్డాయి. ఆ శీతకాలమంతా డెలియా రోజూ గోధుమ రొట్టె కాల్చి, గుడ్డలో చుట్టి పట్టుకుపోయేది. దిళ్ళకి ఆనుకుని కూర్చుని వాడు రోజూ ఒకటే అడిగేవాడు.

"ఏరెట్లా ఉంది డెలియా?"

"పెరుగుతోంది."

"కింది దారి మీదికి వచ్చిందా?"

"ఇంకా రాలేదులే. నీ ఆవులకేం కాదు, నువ్వు పడుకో."

పాపం, ఆ స్థితిలో కూడా గొడ్ల మీదే ధ్యాస అనుకునేది.

ఫిబ్రవరిలో, నీళ్ళు కింది దారి ఎక్కిన వారంలో, మలాకీ పోయాడు. గడియారం ఆపారు, అద్దానికి గుడ్డ కప్పారు. ఇల్లంతా జనం, టీ కప్పుల చప్పుడు, మధ్యలో జపమాల. డెలియా సింకు దగ్గర నిలబడి కప్పులు కడుగుతుంటే నోనీ వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"ఒసే డెలియా. నీళ్ళింకా తీయలేదటే."

"తీస్తాయిలే. రెండు మూడు రోజులు..."

"నా మొగుణ్ణి ఆ చలి చర్చిలో ఒంటరిగా వదిలిపెట్టి నేనీ ఇంట్లో ఎట్లా పడుకోను?" నోనీ ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకుంది. "నీ పొలంలోంచి పోనీవే. మా దొడ్డి గోడకి గండి కొడితే నేరుగా మఠమే. ఒక్కసారి. వాడి కోసం."

డెలియా చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. తండ్రి గుర్తొచ్చాడు. ఆయన వెనకే తల్లీ గుర్తొచ్చింది, చర్చిలో కొవ్వొత్తుల మధ్య. ఇంకొక ఆడదానికి ఆ గతి తన పొలం వల్ల పట్టకూడదనుకుంది.

"ఏడవకే. రేపు పొద్దున నేనే గోడ తీస్తా," అంది.

అన్నట్టే తీసింది. మట్టి లేకుండా పేర్చిన రాతిగోడ అది, బార్ట్లీ తాత పేర్చింది. మొదటి రాయి డెలియాయే దించింది. మిగతావి మగవాళ్ళు దించారు. ముసలి ప్యాకీ గార్మ్‌లీ రాయి ఎత్తుతూ ఎత్తుతూ ఆగాడు.

"మీ నాన్న చూస్తుంటాడే పిల్లా."

"చూడనీ. ఆయన చూస్తూ కూర్చోబట్టే మా అమ్మ చర్చిలో కూర్చుంది."

ప్యాకీ ఆ రాయి పక్కన పెట్టి ఇంకోటి అందుకున్నాడు. చర్చిలో పూజ అయ్యాక శవాన్ని మలాకీ ఇంటిముందు ఒక్క క్షణం ఆపి, దొడ్లోంచి, గండిలోంచి, పచ్చటి గడ్డి మీదుగా మోసుకుపోయారు. వెనక మూడు ఊళ్ళ జనం. డెలియా నోనీ చెయ్యి పట్టుకుని నడిచింది. ఆ రోజు ఆవిడ మనసు తేలికపడింది, అబద్ధమెందుకు. తల్లికి చేయలేనిది మలాకీకి చేశాననుకుంది.

మర్నాడు గోడ పేరుద్దామని పోతే నోనీ అడ్డం పడింది. "నెల పూజ కానీవే. రోజూ సమాధి దగ్గరికి పోయొస్తా." సరేనంది. నెల పూజ అయింది. గండి ఉంది. ఈస్టర్ అయింది. గండికి ఒక గేటు వచ్చింది. "గొడ్లు రాకుండా," అంది నోనీ. తరవాత నోనీ గుర్రాలశాలకి సున్నం వేయించి కిటికీలు పెట్టించడం మొదలుపెట్టింది. "ఎందుకే?" అంటే, "ఊరికే పడుంది కదా," అంది. డెలియాకి అప్పుడైనా అనుమానం రావాల్సింది. రాలేదు. నమ్మినవాళ్ళ గేటువైపు ఎవరు చూస్తారు?

వేసవిలో సర్కారువాళ్ళు టబర్‌బాన్ హాల్లో మీటింగు పెట్టారు. క్లొనారా కోట, వంతెన, తెల్లబావి, కిల్వర్నా మఠం, అన్నీ కలిపి ఒక సందర్శకుల దారి వేస్తారట. బస్సులొస్తాయట. మేజా మీద పటం పరిచి ఒక కుర్ర ఇంజనీరు అడిగాడు.

"కోటకీ బావికీ దారులున్నాయి. మఠానికే లేదు. కింది దారి మునుగుతుంది, మిగతాదంతా సొంత పొలం. అందరూ నడవదగ్గ దారి ఇంకేదైనా ఉందా అక్కడ?"

డెలియా లేవబోయింది. నా తలుపు కొట్టి అడగండి, ఎవరిని కాదన్నాను అని చెబుదామని. ఆవిడ కంటే ముందు, పక్క కుర్చీలోంచే, నోనీ లేచింది.

"ఉందండీ. మా దొడ్లోంచి ఉంది. నా మొగుడు ఆ దారినే పోయాడు."

ఆ గదిలో ఉన్న ప్రతివాడూ ఆ రోజు పేటిక కింద భుజం పెట్టినవాడో, వెనక నడిచినవాడో. ఇంజనీరుకి ఆ మాట బరువు తెలియక చుట్టూ చూశాడు.

"నిజమేనా?"

చివరికి ప్యాకీయే గొంతు సవరించుకున్నాడు. "శవం దాటిన మాట నిజమే బాబూ."

డెలియా నిలబడింది. "అది నేను జాలిపడి ఇచ్చింది," అని మాత్రం అనగలిగింది. నోనీ ఆవిడ వైపు తిరగలేదు. పటం వైపే చూస్తూ కూర్చుంది.

డెలియా క్లొనారాలో లాయరు దగ్గరికి పోయింది. చట్టం ఇలాంటి మాటల్ని ఒప్పుకోదు, పోరాడొచ్చు అన్నాడాయన. "అయితే శవం దాటినంత మాత్రాన దారి పడదని మీరు ప్రమాణం చేసి చెప్పాలి. మీ ఊరివాళ్ళు నలుగురు మీవైపు చెప్పాలి."

ఊరివాళ్ళు చెప్పరు. ప్యాకీ బావికి పోయే బాట వాళ్ళ నాయనమ్మ శవం వేసిందే. ఇంకొకడికి బీడుకి పోయే సందు అలాంటిదే. ఒక్క దారి అబద్ధమంటే అందరి దారులూ అబద్ధమవుతాయి. పోనీ వాళ్ళని వదిలేయండి. డెలియా తను చెప్పగలదా? దారి పడదంటే నాన్న పిచ్చివాడు. అమ్మ ఆ చలిలో ఊరికే పడి ఉంది. ఏ నమ్మకం పేరు చెప్పి పొలం లాక్కున్నారో అదే నమ్మకం తన నెత్తురులో కూడా ఉందని ఆ కుర్చీలో కూర్చున్నాక తెలిసింది ఆవిడకి. కోటు గుండీలు పెట్టుకుని లేచి వచ్చేసింది.

శరత్కాలానికి ఆ దారి మీద గులకరాళ్ళు పరిచారు. నోనీ గుర్రాలశాలలో టీ, జామ్ పూసిన స్కోన్ రొట్టెలు. బస్సులు ఆ దొడ్లోనే ఆగేవి. డెలియా తలుపు కొట్టేవాళ్ళు లేరు. మొదటి రోజుల్లో అలవాటు కొద్దీ కుక్క అరిస్తే ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని బయటికి వచ్చేది. పొలంలోంచి పోతున్న జనం ఆవిడని చూసి, ఇక్కడెవరో ఉంటారన్నమాట అన్నట్టు చెయ్యి ఊపేవారు.

ఇంత జరిగినా నోనీ మీద మనసు పూర్తిగా విరగలేదు. మొగుడు పోయిన ఆడది, బతుకుతెరువు కోసం గడ్డిపరక పట్టుకుంది, ముందు అనుకున్నది కాదు, తరవాత తోచింది అని సర్దిచెప్పుకునేది. ఆ కాస్త కూడా మిగలనివ్వలేదు పాల లారీ డ్రైవరు ఫర్గస్ డెవనీ. వాడికి కపటం లేదు. టబర్‌బాన్ కొట్లో నలుగురిలో వరదల గురించి మాటొస్తే అన్నాడు.

"మలాకీ పోయిన ఏడు ఏం వరద! పూడ్చిన రోజు పొద్దున నేను కింది దారినే వచ్చాను కదా. చక్రం సగం కూడా తడవలేదు. ఆ మాటే నోనీకి చెప్పా, దారి తెరుచుకుంది అమ్మా, దిగులు పడకు అని."

డెలియా చేతిలో టీ పొట్లం అక్కడే బల్ల మీద పెట్టేసి బయటికి నడిచింది. నేరుగా గుర్రాలశాలకి పోయింది. బస్సులు లేని రోజు. నోనీ స్కోన్లకి పిండి కలుపుతోంది.

"ఆ పొద్దున ఫర్గస్ నీకు చెప్పాడా లేదా?"

నోనీ అబద్ధమాడలేదు. అదొక్కటి మెచ్చుకోవాలి. "చెప్పాడు."

"అప్పటికి నేను గోడ తీస్తున్నాను. నా గోళ్ళు చీరుకుపోయి నెత్తురు కారుతుంటే నువ్వే గుడ్డ కట్టావు. చెప్పలేకపోయావా?"

"మలాకీ మాట డెలియా." నోనీ చేతులు పిండిలోనే ఉన్నాయి. "నాది కాదు. పోయేముందు నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. 'నీకు నేనేమీ మిగల్చలేదు నోనీ. నీళ్ళుండగా పోతే డెలియాని అడుగు. కాదనదు. వాళ్ళమ్మ సంగతి దాని గుండెల్లో ముల్లులా ఉంది' అన్నాడు. అందుకే కదా రోజూ ఏరు సంగతి అడిగాడు."

డెలియా గోడకి ఆనుకుంది. తడిగుడ్డతో గొంతు కోశారు అంటే ఏమిటో అప్పుడు అర్థమైంది. నోనీ అయితే తిట్టొచ్చు, జుట్టు పట్టుకోవచ్చు. వాడేడి? కొట్టంలో నిలబడి వాన చూస్తూ, తను ఎవరికీ చెప్పని మాట చెబుతుంటే తల వంచుకుని విన్నవాడు, ఆ మాటని దాచిపెట్టుకుని తన చావుకి పనికొచ్చేట్టు చేసుకున్నాడు. తను కాల్చిన రొట్టె తింటూ చేసుకున్నాడు.

"దారి కావాలంటే దారే అడగాల్సింది. ఇచ్చేదాన్ని," అంది.

"ఇచ్చేదానివే. రేపు కోపమొస్తే మూసేదానివి. నీ గుమ్మం దగ్గర రోజూ చెయ్యి చాపి నిలబడాలా నేను? అయినా నీకేం పోయిందే? అదే పొలం, అదే గడ్డి. అప్పుడూ నడిచారు, ఇప్పుడూ నడుస్తున్నారు."

"అప్పుడు అడిగి నడిచారు."

నోనీ ఆవిడని వింతగా చూసింది. నిజంగానే అర్థం కాలేదు ఆ మనిషికి. ఇన్నేళ్ళ స్నేహంలో అది కూడా అర్థం కాలేదని డెలియాకి ఇంకా ఎక్కువ బాధ కలిగింది.

ఆ తరవాత చర్చిలో కలిసినా మాటల్లేవు. ఊళ్ళోవాళ్ళు మాత్రం ఇద్దరి దగ్గరా టీ తాగేవారు, ఇద్దరికీ ఔనౌననేవారు. రెండో శీతకాలంలో ప్యాకీ గార్మ్‌లీ పోయాడు. ఏరు కాస్త పెరిగింది, కింది దారి తడిసిందంతే. ఎవరూ ఎవరినీ అడగలేదు. తిన్నగా నోనీ దొడ్లోంచి, గులకరాళ్ళ మీదుగా, బూట్లకి బురద అంటకుండా మోసుకుపోయారు. డెలియా కిటికీలోంచి చూసింది. తన పొలంలోంచి శవం పోతుంటే మూడు ఊళ్ళ జనంలో ఒక్కడు కూడా తన ఇంటివైపు తల తిప్పలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే మఠానికి పోయి తల్లిదండ్రుల సమాధి దగ్గర నిలబడింది. కట్టె పుల్లలా నిలబడి ఏడ్చింది. చాలాసేపు ఏడ్చి, నాన్నతో మొదటిసారి మంచిగా మాట్లాడింది. "నువ్వు చెప్పింది నిజమే," అంది. తరవాత క్లొనారా బస్సెక్కింది.

క్లొనారాలో శవాల పనులు చూసేవాడు హ్యూబర్ట్ మల్‌క్వీన్. ముందు గదిలో సారాకొట్టు, వెనక గదిలో శవపేటికలు. గాజు గ్లాసు తుడుస్తూ, తనకి సమాధి చోటు కావాలన్న ఆవిడ మాట విని చేతులు ఆపాడు.

"కొత్త శ్మశానంలోనా? బైపాసు రోడ్డు పక్కన? డెలియా, నీ వాళ్ళంతా కిల్వర్నాలో ఉన్నారే. ఆరు తరాలు."

"ఉన్నారు."

"అక్కడ నీకు తెలిసినవాడు ఒక్కడూ లేడు. ఇప్పటికి అక్కడ పూడ్చింది మా పక్కవీధి దర్జీవాణ్ణీ, ఒక పోలీసునీ, అంతే."

"పోలీసుంటే మంచిదే. దొంగలు రారు."

వాడు నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానేశాడు. చోటు రాసిచ్చాడు.

ఇలాంటి సంగతి దాగుతుందా. ఆదివారం పూజ అయ్యాక టబర్‌బాన్ చర్చి గేటు దగ్గర మగవాళ్ళు గోడకి ఆనుకుని సిగరెట్లు కాలుస్తుంటే, నోనీ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఏమిటే ఇది? ఊరుకాని ఊళ్ళో, ఎవరో పోలీసువాడి పక్కనా? మీ అమ్మ పక్కన నీకు చోటు ఉంచారు, ఆ పక్కనే మాదీ. నా మీద కోపముంటే నన్ను కొట్టు. మీ అమ్మనెందుకే వదిలేస్తావు?"

"నేను ఎండలో పోతానో వానలో పోతానో నాకు తెలియదు నోనీ," అంది డెలియా. "నీళ్ళొచ్చిన రోజున వీళ్ళు నన్ను ఎటు నుంచి తీసుకుపోతారో మాత్రం తెలుసు."

"కింది దారినే తీసుకుపోతారు! నువ్వు చెబితే ఎవడు కాదంటాడు? చెప్పండయ్యా!" నోనీ మగవాళ్ళ వైపు తిరిగింది.

"అదే, డెలియా ఎట్లా చెబితే అట్లా," అన్నాడొకడు, బూట్ల వంక చూసుకుంటూ. మిగతావాళ్ళూ బూట్ల వంకే చూసుకున్నారు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి.

డెలియా వాళ్ళందర్నీ ఒకసారి చూసింది. కోపం కూడా రాలేదు.

"విన్నావుగా," అంది నోనీతో. "మా అమ్మ పక్కన నా చోటు ఖాళీగానే ఉంటుంది. అది కూడా నువ్వే తీసుకోవే. ఎవరినీ అడగక్కర్లేదు."